పొగ కక్కే పాత జీపు కొనొచ్చా? రెండు బండ్లు చూశాక తెలిసిన సంగతులు

ఈ వారం వీడియోలో జీవామృతం లేదు, కషాయం లేదు. జీపు ఉంది, దాని వెనక పొగ ఉంది. "ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకి డీజిల్ బండి ఎందుకండీ?" అని కొందరు అడుగుతారని నాకు తెలుసు. ముందు ఆ సంగతి చెప్పేసి పొగలోకి వెళ్దాం.

మా ఇల్లు నర్సీపట్నం దగ్గర పల్లెలో. పొలం మాత్రం కొండ మొదట్లో, గెడ్డ అవతల. ఊరి నుంచి 3 కిలోమీటర్లు. నాలుగెకరాలు, పసుపు, కంద, గట్టు మీద జీడి. ఆవులు ఇంటి దగ్గర. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం అంటే నాలుగెకరాలకి 800 లీటర్లు. బైకుకి అటు ఒక 20 లీటర్ల క్యాను, ఇటు ఒకటి కట్టుకుని వెళ్తే 20 ట్రిప్పులు. అదీ పదిహేను రోజులకొకసారి. "పేడ, పంచకం అక్కడికే పట్టుకెళ్లి కలుపుకోవచ్చు కదా" అంటారు. రెండేళ్లు అలాగే చేశాం. పొద్దున, సాయంత్రం కర్రతో తిప్పాలి కదా, దానికి రోజుకి రెండుసార్లు నడక. ఒకసారి పందులు డ్రమ్ముని దొర్లించేశాయి. అదైనా సర్దుకుపోదాం అనుకుంటే, పసుపు తవ్వాక దించడం అసలు కష్టం. వర్షం పడితే ఆటో వాడు గెడ్డ దాకా కూడా రాడు. పోయిన ఏడాది బాడుగ జీపుకి ట్రిప్పుకి 600 చొప్పున ఇచ్చాం. ఆ లెక్క చూసినప్పుడు పుట్టింది ఈ ఆలోచన.

ఎద్దుల బండి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. మాకు లేదు, గెడ్డలో ఉన్న రాళ్లకి అది నడవదు కూడా.

డబ్బు ఎంతంటే, పసుపు అమ్మగా మిగిలింది 1,05,000. మా ఆవిడ డ్వాక్రా గ్రూపులో తీసుకున్న లోను 75,000. మొత్తం 1,80,000. ఆ లోను ఆవిడ పేరు మీద ఉంది, కిస్తీ నెలనెలా ఆవిడే కట్టాలి. బయల్దేరే ముందు ఒకే మాట అంది. "ఏవండీ, బండి ఆగిపోతే కిస్తీ ఆగదు. చూసుకుని కొనండి." ఈ వ్యాసం మొత్తం ఆ మాట మీదే నడిచింది అనుకోండి.

మొదటి బండి అనకాపల్లి అవతల ఒక ఊళ్లో చూశాం. మహీంద్రా మేజర్, 2006 మోడల్, ఫోర్ వీల్. కొత్త రంగు, కొత్త టాపు, కొత్త సీట్లు. మేము వెళ్లేసరికి బండి ఇంటి ముందు స్టార్టింగ్‌లోనే ఉంది. "ఇప్పుడే కొట్టుకెళ్లి వచ్చాను సార్" అన్నాడు అమ్మేవాడు. పొగ లేదు. యాక్సిలేటర్ తొక్కితే కొంచెం నల్లగా వచ్చింది, డీజిల్ బండికి ఆ మాత్రం ఉంటుందిలే అనుకున్నాను. ఆయిల్ స్టిక్ తీసి చూపించాడు. తేనెలాగ ఉంది. "చూడండి సార్, ఎంత క్లీన్‌గా ఉందో." నేను సంతోషించాను. 1,75,000 చెప్పాడు, 1,60,000కి తెగింది. పది వేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చేశాను.

ఇంటికి వచ్చి మా మేస్త్రీకి చెప్పాను. ఆయన నర్సీపట్నంలో ముప్పై ఏళ్లుగా ఏజెన్సీ జీపులే చేస్తున్నాడు. నేను చెప్పినదంతా విని, బీడీ పక్కన పెట్టి, "బాబూ, నువ్వు బండి చూడలేదు, ఆడు చూపించింది చూసొచ్చావు" అన్నాడు. 

"ఎందుకలా అంటావు మేస్త్రీ?"

"డీజిల్ ఇంజన్లో కొత్త ఆయిల్ పోసి రెండు రోజులు తిప్పితే నల్లగా అయిపోతాది. నీకు తేనెలాగ కనబడిందంటే నువ్వొస్తన్నావని నిన్న మార్చీసినాడు. ఎందుకు మార్చినాడు? పాతది ఏం చెప్తాదో అని. ఇంకోటి, ఇంజన్ ముందే ఏడెక్కించీసినాడు. చల్లటి ఇంజను అబద్ధం చెప్పదు బాబూ. రేపు చెప్పకుండా పొద్దున్నే పోదాం."

మర్నాడు ఆరింటికే ఆ ఊళ్లో ఉన్నాం. వీడియోలో మొదటి భాగం అదే. బండి నంబరు, మనిషి ముఖం చూపించలేదు, అది మనకి అనవసరం. అమ్మేవాడు బండి దగ్గరికి రాకముందే మేస్త్రీ బానెట్ మీద, రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. మీరూ బండి చూడ్డానికి వెళ్తే మొదట చేయాల్సింది ఇదే. వేడిగా ఉంటే "ఇంకోసారి వస్తాం, స్టార్ట్ చెయ్యకుండా ఉంచండి" అని చెప్పి తిరిగొచ్చేయండి. ఛార్జీలు పోతాయి, పోనీండి.

సెల్ఫ్ కొట్టగానే వెనక నీలం పొగ. నీలం అంటే ఆకాశం రంగు కాదు. బూడిద రంగులో నీలం కలిసినట్టు ఉంటుంది, వాసన మాడిన నూనె వాసన. ఉదయం ఎండ ఏటవాలుగా పడుతుంటే స్పష్టంగా తెలుస్తుంది. మేస్త్రీ ఒక తెల్ల కాగితం తీసి సైలెన్సర్ చివర అడుగు దూరంలో అర నిమిషం పట్టుకున్నాడు. కాగితం మీద చిన్న చిన్న నూనె చుక్కలు. ఆరలేదు. నీటి తడి అయితే ఆరిపోతుంది, మసి అయితే పొడిగా దులిపితే రాలుతుంది. నూనె మరక మాత్రం అలాగే ఉంటుంది.

తర్వాత ఇంజన్ ఆడుతుండగానే ఆయిల్ పోసే మూత విప్పి, బోర్లించి అక్కడే పెట్టాడు. మూత గడగడా ఎగిరి కింద పడింది. ఆ కన్నంలోంచి పొగ గుప్పుగుప్పుమని వస్తోంది. దీన్నే మన మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ మీద మండిన గ్యాసు రింగులు అరిగిపోవడం వల్ల కిందికి, ఆయిల్ ఉన్న చోటికి జారిపోతోంది అని అర్థం. అటు ఆయిలు పైకి ఎక్కి మండుతోంది, అదే నీలం పొగ. కొద్దిగా ఆవిరి, కొద్దిగా ఊపు ప్రతి పాత డీజిల్‌కీ ఉంటుంది. మూత వణకడం వేరు, ఎగిరి పడటం వేరు.

"బోరుకొచ్చీసింది" అన్నాడు మేస్త్రీ. ఆ ఒక్క మాటకి ఖర్చు ఎంతో మాకు ఆయనే లెక్క చెప్పాడు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, హెడ్ పని, పంపు, కూలి కలిపి 70 వేల పైనే. క్రాంక్ కూడా అరిగి ఉంటే ఇంకా ఎక్కువ. 1,60,000 బండి 2,30,000 అవుతుంది, మా దగ్గర ఉన్నది 1,80,000.

మరి ముందు రోజు ఎందుకు కనబడలేదు? ఇంజన్ ఆయిల్‌లో చిక్కటి ఆయిల్ కలిపాడు. స్టిక్ మీంచి చుక్క జారడానికి పట్టిన సమయం చూస్తేనే మేస్త్రీకి తెలిసిపోయింది. చిక్కటి ఆయిలు, పొగ తగ్గించే మందు పోసి, ఇంజన్ వేడెక్కించి పెడితే ఒక గంట, రెండు గంటలు పొగ దాగుతుంది. వేడికి పిస్టన్, రింగు కొంచెం వ్యాకోచిస్తాయి కదా, సందు కూడా తగ్గుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడే చూడాలి.

అడ్వాన్సు సంగతి అడుగుతారు. చాలాసేపు మాటలు నడిచాయి. పదిలో ఆరు వేలు తిరిగొచ్చింది. నాలుగు వేలు పోయింది, అది నా తొందరపాటు ఖరీదు. అసలు ఆ బండి కాగితాలు కూడా చూడకుండానే ఇచ్చాను అడ్వాన్సు. తర్వాత చూస్తే రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి, అంటే 2021లో అయిపోయి ఉంది. "చేయించీయొచ్చు సార్" అన్నాడు. చేయించవచ్చు, కానీ ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కార్లకి, జీపులకి 600 నుంచి 5,000 అయింది, ఆలస్యానికి అదనం వేరే. ఈ పొగతో ఫిట్‌నెస్ పాస్ అవ్వాలి కూడా.

ఇక్కడ పొగ రంగుల గురించి కాస్త ఆగి చెప్తాను. ఎందుకంటే "పొగ వస్తే వద్దు" అని గీత గీసేస్తే మంచి బండి కూడా పోతుంది. మా రెండో బండి అలాంటిదే.

నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. డీజిల్ పూర్తిగా కాలక మసి అయి వస్తోంది. కారణం ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం కావచ్చు, నాజిల్స్ సరిగ్గా చిమ్మక కారడం కావచ్చు, పంపులో ఎవరో డీజిల్ ఎక్కువ తిప్పి పెట్టడం కావచ్చు. టర్బో ఉన్న బండ్లలో గాలి గొట్టం చిరిగినా ఇదే పొగ. వీటిలో ఎక్కువ భాగం ఇంజన్ విప్పకుండా బాగయ్యేవే. అన్నిట్లోకి భయపడక్కర్లేనిది నల్ల పొగ, కానీ ఇంధనం తాగేస్తుంది.

తెల్ల పొగకి మూడు ముఖాలు ఉన్నాయి. చలి ఉదయం సైలెన్సర్‌లో ఉన్న తేమ ఆవిరై రావడం, ఇది రెండు నిమిషాల్లో పోతుంది, వాసన ఉండదు. రెండోది కాలని డీజిల్. కళ్లు మండుతాయి, ఘాటు వాసన. చల్లటి ఇంజన్‌లో హీటర్ ప్లగ్గులు పని చేయకపోతే ఇలా వస్తుంది, ఇంజన్ వేడెక్కాక పోతుంది. వేడెక్కినా పోకపోతే టైమింగ్ తప్పిందనో, కంప్రెషన్ తగ్గిందనో అనుమానించాలి. మూడోది నీళ్లు. రేడియేటర్ నీళ్లు హెడ్ గ్యాస్కెట్ దాటి సిలిండర్‌లోకి వెళ్తే దట్టంగా తెల్లటి మేఘంలాగ వస్తుంది, కూలెంట్ పోసి ఉంటే తియ్యటి వాసన. అప్పుడు ఆయిల్ స్టిక్ మీద మజ్జిగ నురగలాంటిది కనిపించవచ్చు, రేడియేటర్ నీళ్లలో బుడగలు రావచ్చు. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయాలి. వేడిగా ఉన్నప్పుడు తీసి ముఖం కాల్చుకున్నవాళ్లని నేను చూశాను.

నీలం పొగలో కూడా తేడా ఉంది. బండి కాసేపు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి యాక్సిలేటర్ తొక్కితే ఒక గుప్పెడు నీలం వచ్చి ఆగిపోతే, లేదా ఘాటీ దిగి మళ్లీ తొక్కినప్పుడు వచ్చి ఆగితే, అది వాల్వ్ సీళ్లు, గైడ్ల వల్ల కావచ్చు. అది హెడ్ పనితో పోతుంది. లోడు మీద ఎక్కుతున్నంతసేపూ నీలంగా వస్తూ, మూత కూడా ఎగురుతుంటే రింగులు, లైనర్లు. టర్బో ఉన్న బొలెరో, థార్, స్కార్పియో లాంటివి చూసేవాళ్లు టర్బో సీలు కారడం వల్ల కూడా నీలం పొగ వస్తుందని గుర్తుపెట్టుకోండి. గాలి గొట్టం విప్పి లోపల ఆయిల్ పారుతోందేమో వేలు పెట్టి చూడండి, ఇంజన్ ఆపేసి మాత్రమే.

నీలం పొగ బండి గురించి ఒక ప్రమాదం చెప్పకుండా వదలను. డీజిల్ ఇంజన్‌కి స్పార్కు అక్కర్లేదు. ఆయిల్ బాగా గాలి దారిలోకి పీల్చుకుంటే ఇంజన్ ఆ ఆయిలునే ఇంధనంగా తీసుకుని తనంతట తాను రేజు అయిపోతుంది. తాళం తీసినా ఆగదు. అప్పుడు గాలి ఆపడమే దారి. ఎయిర్ ఫిల్టర్ గొట్టానికి చెక్క పలక అడ్డం పెట్టాలి, చెయ్యి మాత్రం పెట్టకూడదు, లాగేస్తుంది. గేరులో ఉన్న బండి అయితే పెద్ద గేరులో బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలితే ఆగొచ్చు. దగ్గర నిలబడి చూస్తూ ఉండొద్దు.

ఇప్పుడు రెండో బండి. చింతపల్లి వైపు ఒక పెద్దాయన అమ్ముతున్నాడని మేస్త్రీకి కబురొచ్చింది. ఎంఎం 540, 1998 మోడల్. పొద్దున్నే చూడాలి కదా అని ముందు రోజు రాత్రే వెళ్లి పడుకున్నాం. డిసెంబరు, లంబసింగి పక్కన. ఆ ప్రాంతంలో చలికాలం 10 డిగ్రీల లోపుకి దిగిపోవడం మామూలే. దుప్పటి రెండు కప్పుకున్నా నిద్ర పట్టలేదు, అది వేరే కథ.

పెద్దాయన పొద్దున్నే టీ ఇచ్చి ముందే చెప్పేశాడు. "పొగొస్తాది బాబూ. అబద్ధమెందుకు. పొద్దున్న తెల్లగొస్తాది, ఘాటీలో నల్లగొస్తాది. నాకు వయసైపోయింది, బాగుచేయించే ఓపిక లేదు."

బానెట్ మీద మంచు తడి. రాత్రంతా స్టార్ట్ కాలేదని దానికదే సాక్ష్యం. సెల్ఫ్ మూడుసార్లు కొడితేగానీ అందుకోలేదు. అందుకోగానే వెనక తెల్ల పొగ, కళ్లు మంట. వీడియోలో నేను దగ్గుతున్నది అక్కడే. నేను వెళ్లిపోదాం అన్నట్టు చూశాను. మేస్త్రీ కదల్లేదు. ఐదు నిమిషాలు అలాగే ఆడనిచ్చాడు. పొగ పలచబడింది. ఎనిమిదో నిమిషానికి లేదు.

పాత 540ల్లో చాలావాటికి ఉన్నది ప్యూజో డీజిల్ ఇంజన్, 2112 సీసీ. ఇందులో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, హెడ్‌లో ఉన్న చిన్న గదిలోకి చిమ్ముతుంది. ఆ గది చల్లగా ఉంటే డీజిల్ అంటుకోదు, అందుకే ప్రతి సిలిండర్‌కీ ఒక హీటర్ ప్లగ్గు. మేజర్లలో ఎక్కువగా వచ్చే 2523 సీసీ ఎండీఐ ఇంజన్ అలా కాదు, డీజిల్ నేరుగా పిస్టన్ మీదకే పడుతుంది, చలికి అంత మారాం చెయ్యదు. కాబట్టి లంబసింగి చలిలో 540 తెల్ల పొగ వదిలితే మొదట చూడాల్సింది ప్లగ్గులు. మేస్త్రీ టెస్ట్ లైటు పెట్టి చూస్తే నాలుగింట్లో రెండు చచ్చిపోయి ఉన్నాయి, మూడోదానికి వైరు తుప్పు.

ఆయిల్ స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉంది, పల్చగా లేదు, డీజిల్ వాసన లేదు, మట్టం పెరగలేదు. నల్ల ఆయిల్ చూసి నాకు ఇప్పుడు సంతోషం వేసింది. మూత బోర్లించి పెడితే కొంచెం వణికింది, అక్కడే ఉంది. రేడియేటర్‌లో బుడగల్లేవు.

తర్వాత ఘాటీ. లంబసింగి నుంచి డౌనూరు వైపు దిగి, మళ్లీ ఎక్కాం. బండి వెనక మేమిద్దరం కాక నాలుగు బస్తాలు వేసుకున్నాం. ఖాళీ బండితో ఊళ్లో తిప్పి చూస్తే ఏమీ తెలియదు, మీరు రేపు ఎంత బరువు వేస్తారో అంత వేసి ఎక్కించి చూడాలి. మలుపుల్లో రెండో గేరులో ఎక్కుతుంటే వెనక నల్లగా తారు పీపా కాల్చినట్టు. వెనక వస్తున్న ఆటో వాడు తిట్టాడు, పాపం. దిగి మళ్లీ తొక్కినప్పుడు మాత్రం ఒకసారి చిన్న నీలం గుప్పెడు వచ్చి పోయింది. మేస్త్రీ అది చూసి "వాల్వు సీళ్లు. ఇప్పుడు కాదు, వచ్చే ఏడు" అన్నాడు.

నల్ల పొగకి కారణం పై వరకు వచ్చాక దొరికింది. ఈ పాత జీపులకి కాగితం ఫిల్టర్ ఉండదు, కింద ఆయిల్ పోసిన డబ్బా ఉంటుంది, గాలి ఆ ఆయిల్ మీదుగా వెళ్తే దుమ్ము అందులో పడుతుంది. విప్పితే అడుగున ఆయిల్ లేదు, దాని బదులు గట్టిపడిన ఎర్రమట్టి. పెద్దాయన "దానికి ఆయిల్ పొయ్యాలా?" అన్నాడు. ఇరవై ఏళ్లకి పైగా నడిపిన మనిషి. నవ్వొచ్చింది, కానీ మన స్ప్రేయర్ల ఫిల్టర్లు మనమెంత కడుగుతున్నామో నాకు తెలుసు కాబట్టి నవ్వలేదు.

1,55,000 చెప్పాడు. పొగ చూపించి బేరం ఆడాం, కానీ అబద్ధం చెప్పి కాదు. ప్లగ్గులకి ఇంత, నాజిల్స్‌కి ఇంత అని మేస్త్రీ కాగితం మీద రాసి పెద్దాయనకే చూపించాడు. 1,32,000కి తెగింది. అప్పటికే నేను మారిన మనిషిని కాబట్టి, డబ్బు తీసే ముందు ఆర్సీ అడిగాను. 2013, 2018, 2023లో వరసగా రెన్యువల్ చేయించి ఉన్నాడు, 2028 దాకా ఉంది. ఫైనాన్స్ లేదు. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు గుడ్డతో తుడిచి, ఫోను లైటు వేసి ఆర్సీతో ఒక్కో అంకె సరిచూశాం. జీపుల్లో ఇంజన్ మార్చేయడం చాలా మామూలు. పాత 540లో ట్రాక్టర్ ఇంజన్ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆర్సీలో ఎక్కించకుండా మార్చి ఉంటే ఫిట్‌నెస్ రోజు అది మన మెడకి చుట్టుకుంటుంది.

కాగితాల విషయం త్వరగా చెప్పేస్తాను. పేరు మార్చడానికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవాడి సంతకం. ఫైనాన్స్ ఉన్న బండి అయితే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల ఎన్ఓసీ. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్. ఢిల్లీ వైపు పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అక్కడి బండ్లు చవగ్గా ఇటు వస్తుంటాయి, చవక చూసి మోసపోయే ముందు ఆ టాక్సు లెక్క వేసుకోండి. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా. పాత డీజిల్ బండ్లకి పొగ పరీక్షలో 65 హెచ్ఎస్‌యూ దాటకూడదు. ఘాటీలో మా జీపు ఆ రోజు వదిలిన పొగతో అయితే మిషన్ దగ్గరికి వెళ్లే ధైర్యం కూడా ఉండేది కాదు. ఒకటి మర్చిపోవద్దు, సొంత వాడకం బండి మీద బాడుగ సరుకు వేయకండి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు.

అయితే మేము అన్నీ చూశాం అనుకుంటే పొరపాటు. పొగ మీదే కళ్లు పెట్టి ముందు చక్రాల సంగతి వదిలేశాం. ఫోర్ వీల్ లివర్ వేసి చూశాం, లివర్ పడింది, సంతోషించాం. లివర్ పడితే చక్రం లాగుతుందని కాదు. ఇంటికి తెచ్చిన మూడో రోజు గెడ్డలో దింపితే వెనక చక్రాలు ఇసుకలో తిరుగుతున్నాయి, ముందువి కదలడం లేదు. ఎడమ చక్రం హబ్ లాక్ లోపల తుప్పు పట్టి ఉంది, జాయింట్ క్రాస్ ఒకటి అరిగి ఉంది. 8,700 వదిలింది. మీరు చూసేటప్పుడు మెత్తటి దుక్కిలోకో ఇసుకలోకో దింపి, లో గేరు వేసి, బయట ఒక మనిషిని నిలబెట్టి నాలుగు చక్రాలూ లాగుతున్నాయో లేదో చూడమనండి. ముందూ వెనకా టైర్లు ఒకే సైజు ఉండాలి. ఈ పాత జీపుల్లో ఫోర్ వీల్ తారు రోడ్డు మీద వేసి నడపకూడదు, మలుపుల్లో గేర్లు పట్టేసుకుంటాయి. కమాను కట్టలు, ఛాసిస్ కింద పగుళ్లు, వెల్డింగ్ మచ్చలు కూడా పడుకుని చూడాలి. మేము పడుకోలేదు, చలి.

ఖర్చు మొత్తం ఇదీ. బండి 1,32,000. ప్లగ్గులు, వైరింగు 2,600. నాజిల్స్ సర్వీసు, టెస్టింగు 5,800. ఆయిలు, ఫిల్టర్లు, ఆయిల్ డబ్బా కడగడం 3,100. ముందు చక్రాలు 8,700. పేరు మార్పు, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కలిపి సుమారు 9,000. అంతా 1,61,200. మొదటి బండి మీద పోయిన నాలుగు వేలు ఇందులో కలపలేదు, మా ఆవిడ మాత్రం కలుపుతుంది.

మీరు మేస్త్రీని తీసుకెళ్లలేని చోట అయితే కంప్రెషన్ పరీక్ష చేయించండి. నాజిల్ లేదా హీటర్ ప్లగ్గు తీసి ఆ కన్నంలో గేజి బిగించి చూస్తారు. అసలు అంకె ఇంజన్‌ని బట్టి మారుతుంది, దాన్ని మెకానిక్‌కి వదిలేయండి. మీరు చూడాల్సింది నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అని. ఒకటి బాగా తక్కువ వస్తే అందులో కొంచెం ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వో గ్యాస్కెట్టో. ఈ పరీక్షకి అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే జవాబు.

మన వ్యవసాయానికి సంబంధించి రెండు జాగ్రత్తలు. మార్చిన పాత ఇంజన్ ఆయిల్‌ని గట్టు మీద పారబోయకండి, చెద పట్టకుండా అని కంచె కర్రలకి, జీడి మొదళ్లకి పూసే అలవాటు మన ఊళ్లలో ఉంది, ఆ పని అసలే వద్దు. నేను క్యానులో పట్టి మేస్త్రీ షెడ్డుకే ఇచ్చేస్తున్నాను. అలాగే డీజిల్, ఆయిల్ పట్టిన డ్రమ్ములు ఎంత కడిగినా జీవామృతానికి వాడకండి. గెడ్డలో దిగే ముందు బండి కింద ఆయిల్ కారుతోందేమో చూసుకోవాలి, దిగువన ఆ నీళ్లు తాగే ఊళ్లు ఉన్నాయి. ఇంకో సంగతి నాకు ముందు తట్టలేదు. జీవామృతం, పంచకం తొణికి వెనక రేకు మీద పడితే నెలలో తుప్పు మొదలవుతుంది. ఇప్పుడు రబ్బరు చాప వేస్తున్నాం, ప్రతి ట్రిప్పు తర్వాత కడుగుతున్నాం.

జీపులో రెండు డ్రమ్ములు కూర్చుంటాయి. 200 లీటర్ల డ్రమ్ము ఒక్కోటీ 200 కిలోల పైనే, కాబట్టి అంతకు మించి వెయ్యం. 800 లీటర్లకి రెండు ట్రిప్పులు. పోయిన నెల నుంచి అలాగే వెళ్తోంది. పొద్దున్న పొగ ఇంకా కొంచెం వస్తుంది, ఆవిరే. ఘాటీ దిగాక వచ్చే ఆ నీలం గుప్పెడు అలాగే ఉంది. వర్షాలు అయిపోయాక హెడ్ విప్పించి సీళ్లు వేయిస్తాం, దానికని 15 వేలు మా ఆవిడ పక్కన పెట్టింది, నాకు ఇవ్వట్లేదు. ఆ పని జరిగే రోజు మేస్త్రీ షెడ్డులోనే వీడియో తీస్తాను, వాల్వులు విప్పాక లోపల ఎలా ఉందో మీరే చూద్దురు గాని.